మాగ్నెంటియస్ కంచు నాణేలు ఎలా సేకరించాలి?

"రోమన్ నాణేలు సేకరించాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టమంటారు?" అని అడిగే వారందరికీ నేను ఒకే మాట చెబుతాను. మొత్తం రోమ్‌ను తలకెత్తుకోకండి. మాగ్నెంటియస్ ఒక్కడిని పట్టుకోండి. అది విన్నాక మళ్లీ అవే ప్రశ్నలు వస్తాయి: ఇది ఆయన నాణెమేనా, అసలుదేనా, ఏ ఊళ్లో కొట్టింది, ఎలా శుభ్రం చేయాలి, ఇండియాకు తెచ్చుకోవచ్చా? విడివిడిగా జవాబులు రాసే బదులు అన్నీ ఇక్కడ వరుసగా పెడుతున్నాను.

ఈ మనిషినే ఎందుకు ఎంచుకోవాలో ముందు రెండు ముక్కల్లో చెబుతాను. మాగ్నెంటియస్ ఒక సైనికాధికారి. 350 జనవరి 18న, నేటి ఫ్రాన్స్‌లోని ఓటున్ పట్టణంలో తనను తాను చక్రవర్తిగా ప్రకటించుకున్నాడు. అప్పటి చక్రవర్తి కాన్‌స్టాన్స్ పారిపోతుంటే వెంటాడి చంపించాడు. కాన్‌స్టాన్స్ అన్న రెండో కాన్‌స్టాంటియస్ తూర్పు నుంచి సైన్యంతో వచ్చాడు. 351 సెప్టెంబరు 28న ముర్సా దగ్గర, అంటే నేటి క్రొయేషియాలోని ఒసియెక్ దగ్గర, మాగ్నెంటియస్ ఘోరంగా ఓడిపోయాడు. 353 ఆగస్టులో నేటి ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఆత్మహత్య చేసుకున్నాడు. మొత్తం మూడున్నరేళ్లు. ఈ కొద్ది కాలంలో కొట్టించిన కంచు నాణేల్లో తరచుగా కనిపించే బొరుసులు నాలుగు, ముఖ్యమైన టంకశాలలు ఆరు. మామూలు జీతగాడు కొన్నేళ్లలో చక్కటి వరుస పేర్చుకోగలిగినంత సైజు ఇది.

ఏమేం కావాలి

- పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం. కంసాలులు కంటికి పెట్టుకునేది సరిపోతుంది.
- 0.01 గ్రాము వరకు చూపే చిన్న డిజిటల్ కాటా.
- నాణెం వ్యాసం కొలవడానికి వెర్నియర్. ప్లాస్టిక్‌ది తీసుకోండి, ఇనుపదానితో గీతలు పడతాయి.
- పక్క నుంచి వెలుతురు పడేలా వంచగలిగే టేబుల్ లాంప్.
- డిస్టిల్డ్ వాటర్, మెత్తటి బ్రష్, వెదురు పుల్లలు, తేమ పీల్చుకునే సిలికా జెల్.
- ఒక నోటుబుక్కు.
- పోల్చుకోవడానికి ఆర్.ఐ.సి. (రోమన్ ఇంపీరియల్ కాయినేజ్ అనే నాణేల జాబితా పుస్తకం) ఎనిమిదో సంపుటం. కొనక్కర్లేదు. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ నడిపే 'ఓక్రే' అనే ఉచిత వెబ్‌సైట్‌లో ఆ నంబర్లన్నీ వెతుక్కోవచ్చు.

డబ్బు ఈ జాబితాలో చివరిది. మొదటి నెలంతా ఒక్క నాణెం కూడా కొనకుండా ఫొటోలు చూడండి. ఈ సలహా ఎవరికీ నచ్చదు, కానీ తర్వాత డబ్బు మిగిల్చేది ఇదే.

1. నాలుగు బొరుసులు కంఠతా పట్టండి

కాలక్రమంలో ఇవీ ఆ నాలుగు. పేర్లు వాటి మీద చెక్కిన లాటిన్ మాటలే:

మొదటిది ఫెలిసితాస్ రీపబ్లికే. చక్రవర్తి నిలబడి ఉంటాడు. ఒక చేతిలో గోళం మీద నిలిచిన విజయదేవత, ఇంకో చేతిలో క్రీస్తు గుర్తున్న జెండా. ఇది 350లోది. చివర 'ఏ ఇ' రావలసిన చోట ఒక్క 'ఇ' మాత్రమే ఉంటుంది. పుస్తకాల లాటిన్ తెలిసినవాళ్లు దాన్ని చూసి నకిలీ అనుకుంటారు. కాదు, టంకశాల అలాగే చెక్కింది.

రెండోది గ్లోరియా రోమనోరుమ్. చక్రవర్తి గుర్రం మీద దూసుకొస్తూ, చేతులు చాచి మోకరిల్లిన శత్రువును బల్లెంతో పొడుస్తుంటాడు. గుర్రం కింద డాలు, విరిగిన ఈటె ఉంటాయి.

మూడోది విక్టోరియే. ఇద్దరు విజయదేవతలు ఎదురెదురుగా నిలబడి మధ్యలో దండ లేదా డాలు పట్టుకుంటారు. దాని మీద ఐదేళ్ల, పదేళ్ల మొక్కుల అక్షరాలు ఉంటాయి. మాగ్నెంటియస్ తన బంధువు డెసెంటియస్‌ను సీజర్‌గా, అంటే కింది స్థాయి పాలకుడిగా చేశాక వచ్చిన నాణెం కాబట్టి, అంచు మీద ఒక ఆగస్టస్ (అంటే చక్రవర్తి), ఒక సీజర్ ప్రస్తావన కనిపిస్తుంది.

నాలుగోది సాలుస్. అందరూ కోరుకునేది ఇదే. బొరుసు నిండా పెద్ద క్రీస్తు గుర్తు, అంటే ఇంగ్లీషు ఎక్స్, పి ఒకదాని మీద ఒకటి వేసినట్టుండే గ్రీకు అక్షరాలు. ఎడమ పక్క ఆల్ఫా, కుడి పక్క ఒమెగా. రోమన్ నాణెం మీద ఈ గుర్తు బొరుసంతా ఆక్రమించడం ఇదే మొదటిసారి. ఓటమి మీద పడుతున్న చివరి నెలల్లో కొట్టించాడు.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు: రెండో బొరుసును కాన్‌స్టాంటియస్ 'పడిపోయే గుర్రపు రౌతు' నాణెంతో కలిపేయడం. తేడా చాలా సులువు. కాన్‌స్టాంటియస్ నాణెంలో సైనికుడు నేల మీద ఉంటాడు, గుర్రం మీద ఉన్నవాడు పడిపోతుంటాడు. మాగ్నెంటియస్ నాణెంలో గుర్రం మీద ఉన్నవాడే గెలిచేవాడు.

2. బొమ్మ వైపు పేరు చదవండి

మాగ్నెంటియస్ తల సాధారణంగా వట్టిగా ఉంటుంది, కిరీటపు పట్టీ ఉండదు. వెడల్పాటి ముఖం, బలిసిన మెడ, గడ్డం లేదు. కొన్నిటి మీద తల వెనక ఒంటరిగా 'ఏ' అక్షరం కనిపిస్తుంది.

అయితే ముఖాన్ని నమ్మి పేరు రాయకండి. అక్షరాలే ఆధారం. మామూలుగా ఎడమ కింది నుంచి 'డి ఎన్' తో మొదలవుతుంది, అంటే మన ప్రభువు. తర్వాత 'ఎం ఏ జి ఎన్ ఇ ఎన్', అక్కడ తల అడ్డొచ్చి ఖాళీ, ఆపైన 'టి ఐ వి ఎస్', చివర 'పి ఎఫ్ ఏ వి జి'. పదాల మధ్య ఖాళీలు ఆశించకండి. 'యు' ఉండాల్సిన ప్రతిచోటా 'వి' ఉంటుంది.

ముగ్గురితో తికమక వస్తుంది:

డెసెంటియస్: ముఖం దాదాపు ఒకేలా ఉంటుంది, బొరుసులు కూడా అవే. చివరి అక్షరాలు చూడండి. 'ఏ వి జి' (ఆగస్టస్) బదులు 'సి ఏ ఇ ఎస్' (సీజర్) ఉంటే డెసెంటియస్. ఆయన నాణెం దొరికితే వదలకండి, సేకరణలో ఆయన వాటా కూడా ఉండాల్సిందే.

మాగ్నస్ మాక్సిమస్: 383 నుంచి 388 వరకు పాలించిన ఇంకో తిరుగుబాటుదారు. పేరు 'ఎం ఏ జి' తోనే మొదలవుతుంది కాబట్టి అరిగిన నాణేలను అమ్మేవాళ్లు కూడా తప్పుగా రాస్తారు. ఆయన తలకు ముత్యాల పట్టీ ఉంటుంది.

కాన్‌స్టాంటియస్ గాలస్: రెండో కాన్‌స్టాంటియస్ కింద సీజర్‌గా ఉన్నవాడు. ఈయనదీ వట్టి తలే. కానీ బొరుసు తిప్పితే పడిపోయే రౌతు ఉంటాడు, చిక్కు విడిపోతుంది.

3. టంకశాల గుర్తు దొరికే వరకు ఆగకండి

నా దృష్టిలో ఈ సేకరణకు ఆయువుపట్టు ఇదే. బొరుసు అడుగున, గీత కింద ఉండే ఆ నాలుగైదు అక్షరాలు చదవలేకపోతే మీ చేతిలో ఉన్నది ఊరూ పేరూ లేని కంచు బిళ్ల. అందుకే ముఖం కాస్త అరిగినా సరే, గుర్తు పూర్తిగా ఉన్న నాణేన్నే కొనమంటాను.

- ఏ ఎం బి: అమియాన్, నేటి ఫ్రాన్స్‌లో. ఇది మాగ్నెంటియస్ స్వయంగా తెరిపించిన టంకశాల. ఆయన పోగానే కొద్దికాలంలో మూతపడింది. మొదటి నాణెంగా దీన్నే కొనమని నా సలహా.
- టి ఆర్ పి, టి ఆర్ ఎస్: ట్రియర్, నేటి జర్మనీలో.
- ఆర్ పి ఎల్ జి, ఆర్ ఎస్ ఎల్ జి: లియోన్.
- పి ఏ ఆర్, ఎస్ ఏ ఆర్: ఆర్ల్, ఇదీ ఫ్రాన్స్‌లోనే.
- ఏ క్యూ తో మొదలయ్యేవి: అక్విలేయా, ఇటలీ.
- ఆర్, దాని పక్కన కార్ఖానా అక్షరం: రోమ్.

పి అంటే ఆ టంకశాలలోని మొదటి కార్ఖానా, ఎస్ రెండోది, టి మూడోది.

జాగ్రత్త: లియోన్ గుర్తు కూడా 'ఆర్' తోనే మొదలవుతుంది. చివరి 'ఎల్ జి' అరిగిపోతే దాన్ని రోమ్ అని అమ్మేస్తారు. 'ఆర్' తర్వాత ఎన్ని అక్షరాలకు చోటుందో లెక్కపెట్టండి. రోమ్ గుర్తు పొట్టిగా, మధ్యలో కూర్చుంటుంది. లియోన్ గుర్తు వెడల్పంతా పరుచుకుంటుంది.

ఇంకో చక్కటి పరీక్ష ఉంది. 352లోనే అక్విలేయా, రోమ్ రెండూ మాగ్నెంటియస్ చేయి జారిపోయాయి. సాలుస్ నాణెం దాని తర్వాతది. కాబట్టి పెద్ద క్రీస్తు గుర్తున్న నాణెం కింద అక్విలేయా గుర్తో, రోమ్ గుర్తో ఉందని ఎవరైనా చెబితే గుర్తును తప్పుగా చదివి ఉండాలి, లేదంటే నాణెమే దొంగది. ట్రియర్ విషయంలో మరో మెలిక. ఆ ఊరు చివర్లో పోయెమేనియస్ అనే వ్యక్తి నాయకత్వంలో తిరగబడి డెసెంటియస్‌కు తలుపులు మూసింది. అప్పుడు అదే క్రీస్తు గుర్తుతో కాన్‌స్టాంటియస్ పేరు మీద నాణేలు కొట్టింది. బొరుసు చూసి సంబరపడి, బొమ్మ వైపు పేరు చదవడం మరచిపోకండి.

4. తూచండి, కొలవండి

ఫెలిసితాస్, గ్లోరియా నాణేలు సుమారు 5 గ్రాములు, 22 నుంచి 25 మి.మీ. ఉంటాయి. విక్టోరియే మొదట ఇదే బరువుతో మొదలై, యుద్ధం ముదిరేకొద్దీ తగ్గుతూ వస్తుంది. ఖజానా ఖాళీ అవుతున్న సంగతి కాటా మీద కనిపిస్తుందన్నమాట. పెద్ద సాలుస్ 8 గ్రాముల చుట్టూ తూగుతుంది, 26 నుంచి 28 మి.మీ. ఉంటుంది. దానికి చిన్న రకాలూ ఉన్నాయి.

చేత్తో కొట్టిన నాణేలు కాబట్టి ఒక గ్రాము అటూ ఇటూ అయితే టెన్షన్ పడక్కర్లేదు. గ్లోరియా నాణెం రెండు గ్రాములే తూగితే మాత్రం ఆగి ఆలోచించండి.

5. మూడు రకాల 'నకిలీ'లను వేరు చేయండి

*ఆనాటి అనుకరణలు.* గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతం), బ్రిటన్ ప్రాంతాల్లో స్థానికులే మాగ్నెంటియస్ నాణేలను పోలినవి విరివిగా కొట్టుకున్నారు. చిన్నవి, తేలికవి. ముఖం పిల్లల బొమ్మలా ఉంటుంది, అక్షరాలు అర్థం లేకుండా గీతలుగా మారిపోతాయి. ఇవి పదహారు వందల ఏళ్ల నాటివే. మోసం కాదు. అనుకరణ అని రాసి, దానికి తగ్గ ధరకు అమ్మితే సంతోషంగా కొనండి. ఆ చిల్లర కొరత కాలం గురించి అధికారిక నాణేల కన్నా ఇవే ఎక్కువ చెబుతాయి.

*చెక్కి దిద్దినవి.* అసలు నాణేన్నే తీసుకుని, అరిగిన అక్షరాలను సూదితో మళ్లీ చెక్కుతారు. సాలుస్ నాణేనికి ఈ బాధ చాలా ఎక్కువ, ఎందుకంటే క్రీస్తు గుర్తు స్పష్టంగా ఉంటే ధర కొన్ని రెట్లు పెరుగుతుంది. లాంపును పక్కకు వంచి భూతద్దంతో చూడండి. అచ్చుతో కొట్టిన అక్షరం నాణెం నేల (అక్షరాల చుట్టూ ఉండే చదునైన భాగం) నుంచి వాలుగా లేస్తుంది. చెక్కిన అక్షరం చుట్టూ సన్నటి గాడి ఉంటుంది, పక్కనున్న నేల గీకినట్టు మెరుస్తుంది. గుర్తు పదునుగా ఉండి, అంచు అక్షరాలు మాత్రం బాగా అరిగిపోయి ఉంటే కొనకండి.

*నేటి దొంగ నాణేలు.* చాలావరకు పోత పోసినవి. అంచు చుట్టూ సన్నటి అతుకు గీత, దాన్ని ఆకురాయితో రుద్దిన జాడ, నేలంతా సూది బెజ్జాల్లాంటి గుంటలు, సబ్బులా మెత్తబడిన అక్షరాలు కనిపిస్తాయి. అమ్మేవాడి దగ్గర ఒకే చోట పగులు, ఒకే చోట మచ్చ ఉన్న రెండు నాణేలు కనిపిస్తే అక్కడి నుంచి ఏమీ కొనకండి.

ఇసుక రంగు పూతతో అందంగా కనిపించేవాటి సంగతి: అంచు మీద చిన్న చోట ఎసిటోన్‌లో ముంచిన దూదితో రుద్దండి. రంగు దూదికి అంటితే అది అతికించిన పూత. అయస్కాంతం పరీక్ష మీద ఆధారపడకండి. గట్టిగా అంటుకుంటే దొంగదని అనుమానించాల్సిందే, కానీ అంటుకోనంత మాత్రాన అసలుది అయిపోదు.

6. కొనేటప్పుడు

పేరున్న వేలం సంస్థలు, వాపసు హామీ రాతపూర్వకంగా ఇచ్చే డీలర్ల దగ్గరే కొనండి. 'శుభ్రం చేయని వంద నాణేల సంచి' ఊరిస్తుంది, ముట్టుకోకండి. మంచివి ముందే ఏరేసి ఉంటారు, మిగిలినవాటిలో మాగ్నెంటియస్ దొరకడం అదృష్టం మీద ఆధారపడిన పని.

"మా గుంటూరు పొలంలో దొరికింది" అనే కథలు నమ్మకండి. తెలుగు నేల మీద రోమన్ నాణేలు దొరికాయి, నిజమే. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో దొరికిన వెండి నాణేలు తొలి చక్రవర్తులైన అగస్టస్, తైబీరియస్ల కాలంవి. అంటే మాగ్నెంటియస్‌కు మూడు వందల ఏళ్ల ముందువి. నాలుగో శతాబ్దపు చిన్న కంచు నాణేలు ఎక్కువగా తమిళనాడులో, శ్రీలంకలో కనిపిస్తాయి. నిజంగా పొలంలో దొరికితే మాత్రం అది కొనే వస్తువు కాదు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం కలెక్టర్‌కు తెలియజేయాలి.

బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. అక్కడ మెటల్ డిటెక్టర్‌తో వెతకాలంటే భూమి యజమాని అనుమతి కావాలి. ఇంగ్లండ్‌లో ఒకేచోట పది లేదా అంతకన్నా ఎక్కువ పాత కంచు నాణేలు దొరికితే ట్రెజర్ చట్టం కింద 14 రోజుల్లో తెలియజేయాలి.

ఇండియాలోకి తెచ్చే ముందు బాగా ఆలోచించండి. 1972 నాటి పురావస్తువుల చట్టం నాణెం ఏ దేశానిదని అడగదు, వందేళ్లు దాటిందా అని చూస్తుంది. ఒకసారి దేశంలోకి వచ్చిన పాత నాణేన్ని వ్యక్తులు బయటికి పంపడానికి వీల్లేదు. అమ్మడం వ్యాపారంగా చేయాలంటే లైసెన్సు ఉండాలి. అమెరికాలోనో యూరప్‌లోనో స్థిరపడినవాళ్లు సెలవులకు వస్తూ సేకరణ చూపిద్దామని పెట్టెలో వేసుకుని రావద్దు. బయటి నుంచి తెప్పించుకునేవాళ్లు ఇన్‌వాయిస్ మీద నిజమైన ధర, నిజమైన వివరణ రాయించుకోండి. 'గిఫ్ట్' అని రాయమని అడగకండి.

7. శుభ్రం చేయడం: వీలైనంత తక్కువ

మన ఇళ్లలో కంచు, ఇత్తడి అనగానే చేయి చింతపండు వైపు వెళ్తుంది. దయచేసి వద్దు. చింతపండు, నిమ్మకాయ, వెనిగర్, పూజసామాను తోమే పొడి, ఏదీ వద్దు. ఆ పులుపు చిలుముతో పాటు దాని కిందున్న అక్షరాలను కూడా తినేస్తుంది. ఆకుపచ్చ, గోధుమ రంగుల్లో నున్నగా గట్టిపడిన పొర నాణేనికి రక్షణ. అది పోతే అందమూ పోతుంది, ధరా పోతుంది.

మట్టి అంటి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో రెండు మూడు రోజులు నానబెట్టండి. రోజూ నీళ్లు మార్చండి. బ్యాటరీ షాపులో కొంటే డబ్బా మీద డిస్టిల్డ్ వాటర్ అని ఉందో లేదో చదవండి, పక్కనే యాసిడ్ డబ్బాలు కూడా ఉంటాయి. తర్వాత వెదురు పుల్లతో మెల్లగా మట్టి తీయండి. ఇనుప సూది, వైరు బ్రష్ వద్దు. మూడు రోజుల్లో రానిది ఇంకో వారం నానబెట్టండి. బలం వాడకండి.

అసలు భయపడాల్సింది బ్రాంజ్ డిసీజ్‌కు. లేత పచ్చగా, పిండిలా రాలే చుక్కలు కనిపిస్తే అదే. లోపలున్న క్లోరైడ్ లవణాలు గాలిలో తేమతో కలిసి లోహాన్ని తొలుచుకుంటూ పోతాయి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో ఇది త్వరగా ముదురుతుంది. గట్టి చిలుమును పుల్లతో గీకితే రాలదు, రోగపు చుక్క పొడిలా ఊడుతుంది. తేడా ఇలా తెలుసుకోండి.

కనిపించగానే ఆ నాణేన్ని మిగతావాటి నుంచి వేరు చేయండి. పొడిని పుల్లతో పూర్తిగా తీసి, వారాల తరబడి డిస్టిల్డ్ వాటర్ మారుస్తూ నానబెట్టి, బాగా ఆరబెట్టి, సిలికా జెల్‌తో మూత గట్టి డబ్బాలో పెట్టండి. మొండిగా ఉంటే సోడియం సెస్క్వికార్బొనేట్ ద్రావణం వాడతారు. అది పొర రంగు మార్చే ప్రమాదం ఉంది. ఇందుకే వాడే మరో రసాయనం బెంజోట్రయజోల్ విషపదార్థం, ఇంట్లో ప్రయోగాలు చేయకండి.

8. దాచడం, రాసుకోవడం

మెత్తటి పి.వి.సి. కవర్లు కొన్నేళ్లకు జిగటగా మారి నాణెం మీద పచ్చటి మరకలు వేస్తాయి. మైలార్ అనే పారదర్శక ప్లాస్టిక్ కవర్లు గానీ, యాసిడ్ లేని కాగితపు కవర్లు గానీ తీసుకోండి. సిలికా జెల్ రంగు మారితే వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. వానాకాలంలో నెలకోసారి చూడండి.

ప్రతి నాణేనికీ నోటుబుక్కులో ఇవి రాయండి: బొమ్మ వైపు కనిపించే అక్షరాలు, బొరుసు, టంకశాల గుర్తు, బరువు, వ్యాసం, ఆర్.ఐ.సి. నంబరు, ఎవరి దగ్గర, ఎప్పుడు, ఎంతకు కొన్నారు. చదవలేని అక్షరం చోట చుక్క పెట్టండి, ఊహించి పూరించకండి. బిల్లు, పాత వేలం చీటీ, పాత కవరు ఏదీ పారేయకండి. రేపు ఎవరైనా ఇది ఎక్కడిదని అడిగితే చూపించడానికి అవే ఉంటాయి.

9. సరిగ్గా గుర్తించారో లేదో చూసుకోవడం

కొన్న నెల తర్వాత అమ్మినవాడి చీటీని, మీ రాతను పక్కన పెట్టి నాణేన్ని మొదటిసారి చూస్తున్నట్టు మళ్లీ చదవండి. పేరు, టంకశాల గుర్తు, బరువు మూడూ ఒకదాన్నొకటి ఒప్పుకోవాలి. ట్రియర్ గుర్తు, మాగ్నెంటియస్ పేరు, గ్లోరియా బొరుసు, 5 గ్రాముల బరువు: ఇది కుదిరింది. అమియాన్ గుర్తు, గజిబిజి అక్షరాలు, 2 గ్రాములు: ఇది అనుకరణ, చీటీ మార్చి రాయండి. సాలుస్ బొరుసు, అక్విలేయా గుర్తు: మళ్లీ భూతద్దం తీయండి.

తర్వాత ఓక్రేలో అదే నంబరు కింద మ్యూజియం నాణేల ఫొటోలు తెరిచి, అక్షరాల ఆకారం, తల సైజు, గుర్తు ఉన్న చోటు పోల్చండి. అన్నీ కలిసినా ఏదో తేడాగా అనిపిస్తే, రెండు వైపులా, అంచుతో సహా ఫొటోలు తీసి, బరువు రాసి, అనుభవమున్న సేకరణకర్తకు చూపించండి. వాపసు గడువు ఇంకా ఉండగానే చూపించండి.